రాజ్యాంగంలో ఊరికి చోటెక్కడ?

సర్పంచులకు, వార్డు మెంబర్లకు, వాళ్ల తరఫున వచ్చిన భర్తలకు నమస్కారం.

ఏటా నవంబర్ 26న అంబేద్కర్ గారి ఫొటోకు దండ వేసి, పీఠిక చదివి, టీ తాగి వెళ్లిపోతాం. ఇవాళ ఒక పాత తగువు చెబుతాను.

1948 నవంబర్ 4న ఆయన రాజ్యాంగ సభ ముందు ముసాయిదా పెట్టారు. అందులో పంచాయతీల ఊసే లేదని కొందరికి కోపం. ఆయన తగ్గలేదు. ఊరంటే అజ్ఞానం, సంకుచితత్వం పేరుకున్న గుంట కాక మరేమిటన్నారు. ఊరిని వదిలి మనిషిని యూనిట్‌గా తీసుకోవడం సంతోషమన్నారు. మన నిడుబ్రోలు రంగా గారికి ఆ మాట కష్టమనిపించింది. దక్షిణాదిలో వెయ్యేళ్లుగా పంచాయతీలు చేసిన పని తెలిసుంటే ఆయన అలా అనేవారు కాదని సభలోనే చెప్పారు.

నేను రంగా గారి వైపువాణ్ని. అయినా మా ఊరి బావి గుర్తొస్తే నోరు పెగలదు. దళితుల్ని గట్టు ఎక్కనివ్వక, కిందున్న కడవలోకి పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. పోసేవాళ్లు వచ్చేదాకా ఎండలో నిలబడాలి.

ఆ నవంబర్ 22న సభ్యుడు కె. సంతానం గారు, రాజ్యం గ్రామ పంచాయతీలు ఏర్పాటు చేయాలంటూ సవరణ తెచ్చారు, అంబేద్కర్ గారు ఒప్పేసుకున్నారు. అదే 40వ అధికరణ. కానీ దానికి దొరికిన చోటు చూడండి. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణ ప్రాథమిక హక్కుల్లో ఉంది, దానికోసం నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చు. పంచాయతీ మాత్రం ఆదేశిక సూత్రాల్లో, అంటే ప్రభుత్వాలకు దారి చూపే సూచనల్లో పడింది. అమలు చేయలేదని కోర్టుకెళితే కుదరదు, 37వ అధికరణ ఆ మాట ముందే చెప్పేసింది. మనిషికి హక్కు, ఊరికి హామీ. దేనిమీద కేంద్రం చట్టం చేయాలో, దేనిమీద రాష్ట్రం చేయాలో, దేనిమీద ఇద్దరూ చేయొచ్చో రాజ్యాంగం కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి అని మూడు జాబితాల్లో రాసింది. పంచాయతీలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టే మీ చూపంతా అమరావతి మీద.

1992లో 73వ సవరణతో ఊరికి గట్టి చోటు దొరికింది. ఈసారి షరతులతో. ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి సీట్లు, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా. అంబేద్కర్ గారి అనుమానానికి, రంగా గారి నమ్మకానికి ఒకే పేజీలో చోటిచ్చారన్నమాట.

ఆ షరతులున్నది 243-డి అధికరణలో. ముందు వరుసలోని భర్తలు కాస్త లేచి, ఆ కుర్చీలు గెలిచినవాళ్లకిస్తే, చదవడం మొదలుపెడతాను.