అహ్మదాబాద్‌కు ఆటలొచ్చాయి, మరి బరంపురానికి?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమయ్యాయని మీరు వినే ఉంటారు. 2025 నవంబరులో ఆ నిర్ణయం జరిగింది. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన పోటీలకు అది నూరేళ్ల పండగ. సంతోషమే. అయితే దేశానికి ఆ చివర జరిగే ఆటలతో మనకేం పని అని ఎవరైనా అంటే, నాకు వెంటనే నోటికొచ్చే పేరు కాటులు రవికుమార్.

మన బరంపురం కుర్రాడు. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో వెయిట్‌లిఫ్టింగ్ (బరువులెత్తే పోటీ) 69 కిలోల విభాగంలో బంగారు పతకం కొట్టాడు. స్నాచ్‌లో 146, బార్‌ని ముందు భుజాల మీదికి, ఆపైన తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 175, మొత్తం 321 కిలోలు! స్నాచ్ అంటే ఏంటో చూడండి. ఒంటి బరువుకు రెట్టింపు పైనున్న బార్‌ని ఒక్క ఊపున నేల మీంచి తలపైకి లాగాలి. దాని కింద గొంతుకూర్చుని, చేతులు చాచిన చాచినట్టే ఉంచి, అలాగే పైకి లేవాలి. మోచెయ్యి కాస్త వంగి మళ్లీ తిన్నగా అయినా ఆ లిఫ్ట్ చెల్లదు. అదే మనిషి నాలుగేళ్లకి గ్లాస్గోలో 77 కిలోల్లో రజతం తెచ్చాడు.

ఢిల్లీలో కోట్లు పోసి స్టేడియాలు కట్టారు. పోటీల ముందు ప్రధాన స్టేడియం దగ్గర నడక వంతెన కూలిపోయింది కూడా. కానీ రవికుమార్ చేతులు గట్టిపడింది అంతకు ఎన్నో ఏళ్ల ముందు. పతకం పుట్టేది సాధన చేసే చోట. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

భువనేశ్వర్ సంగతి చూడండి. 2017లో ఆసియా అథ్లెటిక్స్ పోటీలు రాంచీ వదులుకుంటే మనవాళ్లు పుచ్చుకున్నారు. చేతిలో ఉన్నది మూడు నెలలే, అయినా కళింగ స్టేడియంలో జరిపించారు. అది ఒక్క ఆటకి సంబంధించిన పోటీయే, నిజమే. కానీ పోటీ అయ్యాక గేటుకి తాళం పడలేదు. అక్కడ శిక్షణ కేంద్రం నడిచింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ మన ఊరి మీదుగా వెళ్లే ఆ దారినే పోయి, కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గర హర్డిల్స్ (అడ్డంకులు దూకుతూ తీసే పరుగు) సాధన చేసింది. 2023 ఆసియా క్రీడల ఫైనల్లో పక్క లేన్ చైనా అమ్మాయి ముందే కదిలితే, ఈమెని కూడా తప్పుపట్టారు. జ్యోతి వెనక్కి తగ్గలేదు, అక్కడే నిలబడి వాదించింది. చివరికి పరుగెత్తనిచ్చారు. 12.91 సెకన్లు. చైనా అమ్మాయిపై వేటు పడ్డాక కంచు కాస్తా రజతమైంది. తెలుగుపిల్ల, ఒడిశా ట్రాక్! మనలాంటి సరిహద్దు వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు మన వంతు. 2026 గ్లాస్గో పోటీలకి ఆటల్ని పదికి కుదించారు. హాకీ, కుస్తీ, బ్యాడ్మింటన్ అన్నీ పోయాయి. వెయిట్‌లిఫ్టింగ్ మిగిలింది, 2030లోనూ ఉంటుంది. దీనికి పెద్ద మైదానం అక్కర్లేదు. గట్టి ప్లాట్‌ఫారం, మంచి బార్, రబ్బరు ప్లేట్లు, కోచ్, పిల్లలకి కడుపునిండా తిండి, అంతే. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, మనం అడగాలి. జాతీయ శిబిరాల్లో ఒకటి బరంపురంలో పెట్టాలి. పోటీలు ముగిశాక ఆ బార్లూ ప్లేట్లూ గోదాముల్లో మూలపడకుండా గంజాం, గజపతి, రాయగడ పిల్లలకి చేరాలి. ఆ మాట పోటీలు మొదలవకముందే కాగితం మీద ఉండాలి.