మిల్లీమీటరు రేకు ఇంటి బరువు ఎలా మోస్తుంది?

(తెరపై: మెరుస్తున్న రేకు చుట్ట మెషీన్‌లోకి వెళ్తోంది)

నమస్కారం అండీ. ఇది జింక్ పూత వేసిన ఉక్కు రేకు. మందం దాదాపు ఒక మిల్లీమీటరు. దీంతో ఇల్లంటే "గాలికి ఎగిరిపోదూ?" అని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

ముందు బలం సంగతి చూద్దాం. మెషీన్‌లోని రోలర్లు రేకును వేడి చేయకుండానే కొంచెం కొంచెంగా మడుస్తూ పోతాయి. శుభలేఖ మడత ఉంటే బల్ల మీద నిలబడుతుంది, చదును చేస్తే వాలిపోతుంది కదా, ఇక్కడా అంతే.

(తెరపై: సి ఆకారపు ముక్క అంచు, బాగా దగ్గరగా)

ఈ అంచు చూడండి. దాన్ని మళ్ళీ కాస్త లోపలికి మడిచారు. ఆ చిన్న మడత లేకపోతే బరువు పడగానే అంచు అలలు తిరిగి నలిగిపోతుంది. కరెంటు పైపుల కన్నాలు కూడా మెషీనే వేసేస్తుంది, కాబట్టి తర్వాత గోడలు చెక్కే పని ఉండదు.

ఈ ముక్కల్ని 400 లేదా 600 మిల్లీమీటర్ల ఎడంలో నిలబెట్టి స్క్రూలతో బిగిస్తే చట్రం తయారు. దాని మీద ప్యానెళ్ళు వస్తాయి. రెండు రేకుల మధ్య పఫ్ అనే గట్టి నురుగు, థర్మోకోల్ లేదా రాతి పీచుతో చేసిన రాక్‌వూల్ నింపినవి. ఒకే మందంలో చూస్తే పఫ్‌లోంచి పారే వేడి ఇటుకలో కంటే దాదాపు 30 రెట్లు తక్కువ. మన మే నెల ఎండలకు అది చిన్న విషయం కాదు. కానీ పఫ్, థర్మోకోల్ మంటకు అంటుకుంటాయి, రాక్‌వూల్ అంటుకోదు. వంటగదికీ మెట్ల వైపుకీ ఖర్చు ఎక్కువైనా రాక్‌వూలే పెట్టించమంటాను.

ఇక భూకంపం. భవనం ఎంత బరువుంటే కుదుపు దాన్ని అంత గట్టిగా తోస్తుంది, తేలికైతే అంత తక్కువ. భూకంపాల ముప్పు బాగా ఎక్కువున్న అగర్తలలో 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగిన, కొత్త నిర్మాణ పద్ధతులతో ఇళ్ళు కట్టే కేంద్ర ప్రభుత్వ ‘లైట్ హౌస్ ప్రాజెక్టు’లో 1000 ఇళ్ళకు ఈ పద్ధతినే ఎంచుకున్నారు. ఆరంతస్తుల పైమాటే కాబట్టి దీనికి తోడు బరువైన ఉక్కు స్తంభాలూ వాడారు.

అదే తేలిక తుఫానుకు ఇబ్బంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను చూసిన విశాఖవాసులకు వేరే చెప్పక్కర్లేదు. గాలి కప్పును పైకి లాగుతుంది. ఇటుక గోడ తన బరువుతో కొంత ఆపుతుంది, ఈ గోడకు ఆ బరువు లేదు. అందుకే కప్పు నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి బిగింపు ఎక్కడా తెగకూడదు. గోడ చివర్లలో, తలుపుల పక్కన యాంకర్ బోల్టులు పునాది కాంక్రీటులోకి దిగాలి.

(తెరపై: నిప్పురవ్వలు చిమ్ముతున్న గ్రైండర్)

ఇది చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. కొలత తప్పిందని సైట్‌లో గ్రైండర్‌తో కోసేస్తారు. ఆ వేడికి కోత పక్కన జింక్ పూత మాడిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కత్తెర లాంటి కటర్‌తో కోయించండి. తప్పక గ్రైండర్ వాడితే ఆ చోట జింక్ పెయింటు వేయించండి.

ప్యానెళ్ళు మూసేశాక బోల్టులు కనపడవు. మూయకముందే ప్రతి మూలా ఫోటో తీసి, డ్రాయింగ్‌లో ఉన్నన్ని బోల్టులు ఉన్నాయో లేదో ఇంజనీరు చేత సరిచూయించుకోండి.