ఎస్ అంటే ‘స’ కాదు, ‘స్’: పిల్లలకు ఫోనిక్స్ నేర్పే పద్ధతి

నమస్కారం. ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టిన పిల్లలకు, అక్షరానికీ అది సూచించే ధ్వనికీ ఉన్న సంబంధాన్ని, అంటే ఫోనిక్స్‌ను, ఎలా నేర్పాలో ఈ వీడియోలో చూద్దాం.

తెర మీద ఎస్, ఐ, టి అనే అక్షరాలు వరుసగా ఉన్నాయి. వాటి పేర్లు మాత్రమే తెలిసిన పిల్లవాడు ‘ఎస్, ఐ, టి’ అని ఎంత త్వరగా అన్నా ‘సిట్’ అనే మాట రాదు. చదవడానికి పనికివచ్చేవి ఆ అక్షరాల ధ్వనులే. అయితే తెలుగు లిపిలో తలకట్టున్న హల్లులో ‘అ’ కలిసే ఉంటుంది కనుక, మనం అలవాటు కొద్దీ ‘స, ఇ, ట’ అని పలికి చూపిస్తాం; వాటిని ఎంత కలిపినా ‘సిట్’ కాదు. అందుచేత ప్రతి హల్లునూ పొల్లుగానే, ‘స్’, ‘ట్’ అని పలకండి. పొల్లు రాయడం తెలిసిన మనకు ఇది కొత్త విద్యేమీ కాదు.

ఇప్పుడు నాతో పాటు పలకండి: ‘స్స్స్ఇఇఇట్’. ధ్వనికీ ధ్వనికీ మధ్య ఆగకుండా, అక్షరాల కింద వేలు జరుపుతూ పలకాలి. స్, మ్, న్, ఫ్ ధ్వనులను ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. ప్, ట్, క్ ధ్వనులు పలికిన వెంటనే తెగిపోతాయి. కనుక తొలి పాఠాల్లో సాగే ధ్వనితో మొదలయ్యే మాటలనే ఎంచుకోండి.

ఇంగ్లీషులో అక్షరాలు 26 అయితే, ధ్వనులు యాసను బట్టి సుమారు 44. అందువల్ల కొన్ని ధ్వనులకు రెండక్షరాలు కలవాలి. ‘షిప్’లో అక్షరాలు నాలుగు, ధ్వనులు మూడే, ఎస్, హెచ్ కలిసి ‘ష్’ అవుతాయని ఆ రెండింటి కింద ఒకే గీత గీసి చూపండి. స్పెల్లింగ్ నేర్పేటప్పుడు ఇదే పనిని తిరగేసి, విన్న మాటను ముందు ధ్వనులుగా విడదీయించి, ఆ తరువాతే అక్షరాలు రాయించండి.

బొమ్మ చూసి ‘షిప్’ను ‘బోట్’ అని చదివితే, దగ్గరి అర్థమే కదా అని ఒప్పుకోకుండా మొదటి అక్షరాల దగ్గరికి తిరిగి తీసుకురండి. పిల్లలు నిజంగా చదువుతున్నారా, గుర్తుంచుకుని అప్పజెబుతున్నారా అన్న అనుమానం వస్తే, ‘ఫిమ్’ వంటి అర్థంలేని మాట ఇచ్చి చూడండి. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలకు జరుపుతున్న ఫోనిక్స్ పరీక్షలోని 40 మాటల్లో 20 ఇటువంటి కల్పిత పదాలే.

‘సెడ్’ (said) వంటి మాటల స్పెల్లింగ్ నియమం తప్పుతుంది. అప్పుడు కూడా మాట మొత్తాన్ని బట్టీ పట్టించనక్కరలేదు: ఎస్, డి తమ ధ్వనులే ఇస్తున్నాయి, నడుమ ఉన్న ఏ, ఐ మాత్రమే ‘ఎ’గా పలుకుతున్నాయి; ఆ రెండక్షరాలనే వేరే రంగుతో రాసి గుర్తుపెట్టించండి.