పెరోల్ అడిగే మనిషిని గదిలోకి రానివ్వండి

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చదివితే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోకండి. పెరోల్ బోర్డుల సంస్కరణ గురించి మాట్లాడమన్నారు, అంటే శిక్ష పూర్తికాకముందే ఖైదీని విడుదల చేయాలా వద్దా అని తేల్చే బోర్డులన్నమాట. సభ్యుల్ని ఎవరు నియమించాలి, పదవీకాలం ఎంతుండాలి, ఇవన్నీ రాసుకొచ్చాను. కానీ ముందు ఒక ఫైలు సంగతి చెప్పాలి.

కొన్నాళ్ళు నేను ఖైదీలకి పెరోల్ కాగితాలు చూసిపెట్టేవాణ్ణి. ఒకాయనకి పెరోల్ ఇవ్వడం కుదరదన్నారు. కారణం అడిగితే వచ్చింది అచ్చు ఫారం, "ప్రజల భద్రత దృష్ట్యా" అన్నచోట టిక్కు, అంతే. అప్పీలుకని నానా తంటాలు పడి ఫైలు కాపీ తెప్పిస్తే అందులో, తోటి ఖైదీని కొట్టాడని ఒక లైను. కొట్టింది ఈయన కాదు, అదే పేరున్న ఇంకొకడు! గొడవ జరిగిన రోజుకి ఈయన అసలు ఆ జైల్లోనే లేడు, ట్రాన్స్‌ఫర్ కాగితం అదే ఫైల్లో ఉంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసిన నాథుడు లేడు. ఆయన్ని విచారణ గదిలోకి పిలిచి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది కదండీ!

అమెరికాలో 1979లో గ్రీన్‌హోల్ట్జ్ కేసులో సుప్రీంకోర్టు, శిక్ష పూర్తికాకముందే పెరోల్ మీద విడుదల కావడం రాజ్యాంగ హక్కేమీ కాదంది. సరే, హక్కు కాదనే అనుకుందాం. వినడానికేం? అలబామాలో ఏళ్ళ తరబడి పెరోల్ విచారణలు ఖైదీ లేకుండానే నడిచాయి. బాధితులు వచ్చి చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి కూడా, వాళ్ళు పోగొట్టుకున్నది తిరిగి రాదు. కానీ బయటికెళ్ళి ఎలా బతుకుతావన్న ప్రశ్న ఎవర్ని అడుగుతారు, ఖాళీ కుర్చీనా?

బ్రిటన్ సుప్రీంకోర్టు 2013లో ఆస్‌బోర్న్ కేసులో కుండబద్దలు కొట్టింది. ఖర్చూ శ్రమా కలిసొస్తాయని ముఖాముఖి విచారణ ఎగ్గొట్టకూడదు, తన బతుకు తేల్చే నిర్ణయంలో ఆ మనిషికీ చోటుండాలి అని.

తలుపులు మూస్తే నష్టం ఖైదీకే అనుకోకండి. జాన్ వర్‌బాయ్స్ అనే టాక్సీ డ్రైవరు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేసినవాడు, విడుదలకి అక్కడి బోర్డు సరేనంది. ఎందుకో చెప్పమంటే రూల్సు ఒప్పుకోవన్నారు. ఇద్దరు బాధితులు కోర్టుకెళ్ళారు. 2018లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, కారణాలు బయటపెట్టకూడదన్న రూలూ చెల్లదంది. మంచిదే. కానీ అదే ఊపులో మంత్రి ఒత్తిడికి బోర్డు చైర్మన్ రాజీనామా చేయాల్సొచ్చింది. మంత్రి కన్నెర్రజేస్తే కుర్చీ దిగాల్సినవాళ్ళు రేపు ఎవర్ని ధైర్యంగా వదులుతారు చెప్పండి?

చీటీ వచ్చింది, ముగించమని. నేను రాసుకొచ్చింది సగం ఇక్కడే ఉండిపోయింది, పోనివ్వండి. వెనకాల కూర్చున్న లా స్టూడెంట్స్, మీతోనే ఒక్కమాట. ఖైదీకి తన ఫైలు విచారణకి ముందే చేతికి రావాలి, అది చదివిపెట్టే లాయరుండాలి. ఆ పనికి డబ్బులు పెద్దగా రావు. వచ్చేవాళ్ళుంటే మీటింగయ్యాక నన్ను కలవండి.