ఫారమీర్‌ని ఎందుకు మార్చారు?

తమ్ముడు: అందరికీ నమస్తే. ఇవాళ్టి గొడవ మా ఇంట్లో ఎప్పటినుంచో నడుస్తున్నదే, మైకు ముందుకి తెచ్చామంతే. జనం ప్రాణంగా చూసుకునే ఫాంటసీ నవలని సినిమా తీసేటప్పుడు ఎంతవరకు మార్చొచ్చు? ఎక్కువగా టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’, దాని మీద పీటర్ జాక్సన్ తీసిన మూడు సినిమాల గురించే మాట్లాడుకుందాం. హాబిట్లనే పొట్టి మనుషుల్లో ఒకడు, ఫ్రోడో, అందరినీ ఆశపెట్టి చెడగొట్టే మాయ ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పడేయడానికి బయల్దేరే కథ అది. నేను సినిమాలు చూసి, ఆ ఊపులో పుస్తకం మొదలుపెట్టి సగంలో వదిలేసిన బాపతు. అక్క పుస్తకం పార్టీ.

అక్క: పార్టీ ఏంట్రా! ఆ సినిమాలు నీకంటే నేనే ఎక్కువసార్లు చూశాను.

తమ్ముడు: సరే, మీవాళ్ళ మొదటి ఫిర్యాదు నేనే చెప్పేస్తాను. టామ్ బాంబడిల్‌ని పూర్తిగా లేపేశారు.

అక్క: పోనీరా. ఉంగరం వేలికి పెట్టుకున్నా మాయం కాని ముసలాయన, నాకు చాలా ఇష్టం. కానీ వెనకాల నల్లగుర్రాల వాళ్ళు తరుముకొస్తుంటే, మధ్యలో ఒకాయన పాటలు పాడుతూ భోజనం పెడితే థియేటర్లో జనం క్యాంటీన్‌కి పోతారు. తీసెయ్యడం తప్పని నేనెప్పుడూ అనలేదు. ఆ మాటకొస్తే టోల్కీనే అనలేదు.

తమ్ముడు: ఆయన పోయింది 1973లో. జాక్సన్ తీసిన మూడిట్లో మొదటిది 2001లో కదా వచ్చింది?

అక్క: అంతకుముందే ఒక ప్రయత్నం జరిగింది. 1957లో అమెరికా నుంచి కొందరు యానిమేషన్ సినిమా తీస్తామని వచ్చారు. జిమ్మర్‌మన్ అనే ఆయన కథని సినిమాకి కుదించి రాసి పంపాడు. అది చదివి 1958లో టోల్కీన్ పెద్ద ఉత్తరం రాశాడు. వరసపెట్టి వాయించాడనుకో. కనిపించిన ప్రతిచోటా గద్దల్ని ఎందుకు దింపారు, ఓర్క్‌లనే రాక్షస సైనికులకి పక్షి ముక్కులూ ఈకలూ ఎక్కడివి, దారిలో తినే ఎల్ఫుల రొట్టెని ల్యాబ్‌లో చేసిన ఆహారంలా ఎందుకు రాశారు, అక్కర్లేని చోట ఈ కొట్లాటలేంటి అని. అయితే పుస్తకంలో ఉన్నదంతా తెర మీదికి రావాలని మాత్రం ఆయన పట్టుబట్టలేదు. అన్నిటినీ తలా కొంచెం ఇరికించి గజిబిజి చేసేకంటే, కొన్నిటిని మొత్తంగా వదిలేసి మిగతావి సరిగ్గా తీయండి అన్నది ఆయన ధోరణి. ఏది వదలాలో కూడా ఆయనే చెప్పాడు. విన్నావంటే నీకు కోపమొస్తుంది.

తమ్ముడు: చెప్పు.

అక్క: ఎంట్స్ అనే చెట్ల మనుషులు, హార్న్‌బర్గ్ కోట యుద్ధం, రెండిటికీ చోటు చాలకపోతే హార్న్‌బర్గ్‌ని తీసెయ్యమన్నాడు.

తమ్ముడు: అంటే హెల్మ్స్ డీప్! అక్కా, రెండో సినిమాకి ప్రాణమే అది. రాత్రి, వాన, గోడ మీద ముసలాళ్ళూ కుర్రాళ్ళూ. దాన్ని నెలల తరబడి రాత్రిళ్ళు షూట్ చేశారు.

అక్క: ఆయన లెక్క వేరు. అసలు కథకి అది పక్కదారి, పైగా ముందు ఇంకా పెద్ద యుద్ధం ఉంది, యుద్ధాలన్నీ ఒకేలా ఉంటాయి, పెద్దదానికి పోటీ లేకపోతేనే అది నిలబడుతుంది. కథ రాసినవాడికి తన కథ బరువు ఎక్కడుందో తెలుసు. అయినా సరే, హెల్మ్స్ డీప్ జాక్సన్ గెలిచిన చోటే, ఒప్పుకుంటాను. పుస్తకంలో అదంతా ఒక్క అధ్యాయం.

తమ్ముడు: మరింకేంటి బాధ?

అక్క: దానికి చోటిచ్చి, ఎంట్స్‌ని మాత్రం తెలివితక్కువ వాళ్ళని చేశాడు. పుస్తకంలో ఆ చెట్ల మనుషులు తీరిగ్గా సభ పెట్టుకుని, ఆలోచించుకుని, తమంతట తాముగా, అడవిని నరికిస్తున్న మాంత్రికుడు సారుమాన్ మీదికి కదులుతారు. చావుకే వెళ్తున్నామేమో అని తెలిసి మరీ. సినిమాలో ముందు మాకెందుకులే అంటారు. తర్వాత పిప్పిన్ అనే హాబిట్ ఉపాయం పన్ని, నరికేసిన అడవి వైపు వాళ్ళ పెద్ద ట్రీబియర్డ్‌ని మళ్ళిస్తే అప్పుడు కళ్ళు తెరుస్తారు. తన అడవిని ఎవడు నరుకుతున్నాడో ఆ అడవి కాపరికే తెలీదా?

తమ్ముడు: సస్పెన్స్ కావాలి కదా. అందరూ మొదటే సరైన నిర్ణయం తీసుకుంటే సినిమా ఏముంటుంది?

అక్క: ఆ సాకుతోనే, ఫ్రోడోకి దారిలో ఎదురయ్యే సేనాని ఫారమీర్‌ని పాడు చేశారు. వాళ్ళన్న బోరోమిర్ ఉంగరం కోసం ఆశపడి చచ్చిపోయాడు. పుస్తకంలో ఫారమీర్ మాత్రం, అది దారిలో పడి ఉన్నా నేను ముట్టను అంటాడు. తీరా అది చేతికందినప్పుడు మాట మీద నిలబడి ఫ్రోడోని పంపించేస్తాడు. తన పాత్రల్లో ఎవరైనా తనలా ఉన్నారంటే అది ఫారమీరే అని టోల్కీన్ ఒకచోట రాసుకున్నాడు కూడా. సినిమాలో ఆ ఫారమీరే ఫ్రోడోని బందీ చేసి ఒస్గిలియాత్ నగరం దాకా ఈడ్చుకుపోతాడు.

తమ్ముడు: దానికి రచయితలు కారణం చెప్పారుగా. రెండు సినిమాలుగా ఈ ఉంగరం ముందు ఎవ్వరూ ఆగలేరని చెప్పుకొచ్చి, ఒకాయన వచ్చి నాకొద్దు అంటే దాని పరువు పోతుంది. పైగా సాలీడు షెలోబ్ గొడవని మూడో సినిమాకి జరిపారు కాబట్టి ఫ్రోడో కథకి ఇక్కడో క్లైమాక్స్ కావాలి. నాకైతే సినిమా ఫారమీరే నచ్చాడు. తండ్రి మెప్పు కోసం తపించే కొడుకు. తడబడి నిలబడ్డాడు, అందులోనే మనిషి కనిపిస్తాడు.

అక్క: తడబడేవాళ్ళు ఆ కథలో బోలెడుమంది ఉన్నార్రా. తడబడనివాడు కూడా ఉంటాడన్నదే అక్కడ ఫారమీర్ పని.

తమ్ముడు: నువ్వు మారవు, నేనూ మారను. ఒకటి అడుగుతాను. మనకి మూలం మీద ఇంత పట్టింపు ఎప్పుడుంది? ‘మాయాబజార్’ చూస్తూ వ్యాసభారతంలో శశిరేఖ ఎక్కడుందని ఎవరైనా అడిగారా?

అక్క: ఎందుకడుగుతారు? అందులో కృష్ణుడు కృష్ణుడిలానే ఉన్నాడు, ఘటోత్కచుడు ఘటోత్కచుడిలానే ఉన్నాడు. కొత్త పెళ్ళి కథ అల్లారు, పాత మనుషుల్ని చెడగొట్టలేదు. పైగా అప్పటికే జనం నోట్లో నలిగిన కథ అది. నా గొడవ సంఘటనల గురించి కాదు. ఎవరు ఏ కారణంతో ఏం చేశారో అది మార్చొద్దంటున్నాను. జాక్సన్ కూడా కొన్నిచోట్ల అది బ్రహ్మాండంగా పట్టుకున్నాడు. ఉంగరం పోగొట్టుకుని దాని వెంటే పడే గొల్లమ్‌ని, ఫ్రోడో కంటే ముందు ఆ ఉంగరం దొరికిన బిల్బో ఎందుకు చంపకుండా వదిలేశాడు, జాలిపడి. ఆ జాలే చాలామంది తలరాతని మార్చొచ్చు అని మాంత్రికుడు గాండాల్ఫ్ ఫ్రోడోకి చెప్పే మాట పుస్తకంలో ఇంట్లో, కథ మొదట్లో వస్తుంది. సినిమాలో దాన్ని మోరియా గుహల్లోకి, గొల్లమ్ వెనకాలే వస్తున్న చోటికి మార్చారు. అద్భుతమైన మార్పు. కథంతా ఆ మాట మీదే నడుస్తుంది.

తమ్ముడు: మరి చివర్లో అగ్నిపర్వతం దగ్గర?

అక్క: అక్కడ మళ్ళీ వదిలేశారు. పుస్తకంలో ఫ్రోడో ఓడిపోతాడు. ఉంగరం నాదే అని వేలికి తొడుక్కుంటాడు. గొల్లమ్ వేలు కొరికి లాక్కుని, ఆనందంతో గంతులేస్తూ కాలు జారి పడిపోతాడు. అంటే లోకాన్ని కాపాడింది ఫ్రోడో బలం కాదు, వాడిని చంపకుండా వదిలేసిన పాత జాలి. సినిమా వాళ్ళు మొదట ఫ్రోడోనే తోసేసినట్టు తీశారు. అది హత్యలా ఉందని మార్చి, ఇద్దరూ పెనుగులాడి అంచు దాటినట్టు పెట్టారు. హీరో ఊరికే చూస్తూ ఉండకూడదుగా మరి!

తమ్ముడు: హత్య కంటే నయం. ‘హాబిట్’ గురించి ఒక్క ముక్క చెప్పు, వినేవాళ్ళు అడుగుతారు.

అక్క: టోల్కీన్ రాసిన ఆ చిన్నపిల్లల పుస్తకాన్ని 2012, 13, 14లో మూడు సినిమాలు చేశారు. మొదట రెండే అనుకున్నారు. పుస్తకంలో లేని టారియల్ అనే అమ్మాయికి ఒక ప్రేమకథ. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో కోసి చెడిపోయింది తక్కువ, హాబిట్‌లో సాగదీసి చెడిపోయింది ఎక్కువ. ఇక చాలు.

తమ్ముడు: అయితే నీ సూత్రం ప్రకారం తీసెయ్యడం నేరం కాదు. మరి హాబిట్ల సొంత ఊరు షైర్ సంగతో? హాబిట్లు ఇంటికొచ్చేసరికి ఊరిని సారుమాన్ మనుషులు నాశనం చేసి ఉంటారు, వీళ్ళే తిరగబడి తరిమేస్తారు. దాన్ని పూర్తిగా తీసేశారు కదా.

అక్క: అది కథలో తప్పనిసరి భాగమని, మొదటినుంచీ తన ఆలోచనలో ఉందని టోల్కీన్ ముందుమాటలో రాశాడు. సినిమాలో ఊరు చెక్కుచెదరలేదు. నలుగురూ సారాకొట్లో కూర్చుంటారు, వీళ్ళేం చూసొచ్చారో అక్కడ ఎవడికీ పట్టదు. మంచి సీనే. కాకపోతే యుద్ధం ఎవరి ఇంటినీ వదలదని పుస్తకం అంటుంది, నీ ఇల్లు క్షేమం, మారింది నువ్వే అని సినిమా అంటుంది.

తమ్ముడు: అంటే ఆయన తియ్యొచ్చన్న యుద్ధాన్ని వీళ్ళు పెంచారు, తియ్యొద్దన్న దాన్ని తీసేశారు. అయినా మూడో సినిమాకే 11 ఆస్కార్లు వచ్చాయి! నిజం చెప్పు, ఉంగరం కరిగిపోయాక ఇంకో నలభై నిమిషాలు ఊరి గొడవ చూపిస్తే జనం కూర్చుంటారా?

అక్క: కూర్చోరు. డబ్బు నాదైతే నేనూ తియ్యను. కానీ ఆ సీన్ ఎవరైనా తీస్తే మొదటి టికెట్ నాదే.