ఫీటల్ హిమోగ్లోబిన్ పరిశోధనకు ఎలుక ఎందుకు చాలలేదు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వైద్య విద్యార్థులకు, ఈ సాయంత్రం వీలు చేసుకుని వచ్చిన విశాఖ పౌరులందరికీ నమస్కారం.

మన నగరం నుంచి పాడేరు ఘాటీ ఎక్కితే వచ్చే గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ రక్తహీనతతో బాధపడే కుటుంబాలు ఉన్నాయన్న సంగతి ఇక్కడి వైద్యులకు నేను చెప్పనక్కరలేదు. ఎముకల్లో భరించలేని నొప్పితో కొండ దిగి వచ్చే ఆ రోగులకు రాసే మందుల్లో హైడ్రాక్సీయూరియా గుళిక ఒకటి. ఈ జబ్బులో ఆ గుళిక పనిచేయవచ్చునన్న ఆశ మొదట కోతుల నెత్తుటిలో కనిపించింది. ఆ పరీక్షకు కోతే ఎందుకు కావలసివచ్చింది, ఎలుక ఎందుకు చాలలేదు అన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

హిమోగ్లోబిన్ నాలుగు ప్రోటీన్ గొలుసుల కూర్పు. పెద్దవాళ్ళ రక్తంలో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులుంటాయి. గర్భంలోని శిశువుకు బీటాకు బదులు గామా గొలుసులుంటాయి. ఆ కూర్పునే ఫీటల్ హిమోగ్లోబిన్ అంటాము. ఇది ప్రాణవాయువును తల్లి హిమోగ్లోబిన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది కనుక, మాయ దగ్గర తల్లి రక్తం నుంచి బిడ్డ రక్తానికి ప్రాణవాయువు చేరడం సులువవుతుంది. రక్తం తయారయ్యే చోటు కూడా ఎదుగుదలతో మారుతూ వస్తుంది: తొలి వారాల్లో సొనసంచి, తరువాత పిండం కాలేయం, చివరకు ఎముకల మూలుగ. పుట్టిననాడు బిడ్డ హిమోగ్లోబిన్‌లో సగానికి మించి ఫీటల్ రకమే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అది చాలామందిలో ఒకటి రెండు శాతానికి దిగిపోతుంది. గామా జన్యువు పదకొండో క్రోమోజోము మీద చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది, కానీ దాని పని ఆగిపోతుంది.

ఈ ఆగిపోవడమే సికిల్ సెల్ రోగికి శాపం. బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడం వల్ల, ప్రాణవాయువును వదిలిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులుగా పేరుకుని, ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. గామా గొలుసు ఉన్న అణువు ఆ పోగులో ఇమడదు. 1948లో బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల వైద్యురాలు, ఈ జబ్బు వారసత్వంగా వచ్చిన శిశువుల్లో కూడా తొలి నెలల్లో వంకర తిరిగే కణాలు బహు తక్కువని గమనించి, ఫీటల్ హిమోగ్లోబిన్ వారిని కాపాడుతోందని ఊహించారు. హిమోగ్లోబిన్ అణువులోనే దోషముందని లైనస్ పాలింగ్ బృందం చూపినది ఆ మరుసటి ఏడాది. అంటే జబ్బు మూలం తేలకముందే దానికి విరుగుడు జాడ దొరికిందన్నమాట. ఇంత ముఖ్యమైన పరిశీలనకు దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

ఆగిన జన్యువును మళ్ళీ పనిచేయించగలమా? పరీక్షించాలంటే ఒక జంతువు కావాలి. ప్రయోగశాలలో చవకగా, త్వరగా పెరిగేది ఎలుక. అయితే మన అర్థంలో ఫీటల్ హిమోగ్లోబిన్ ఎలుకకు లేదు. దాని పిండంలో తొలిదశ గ్లోబిన్ల నుంచి నేరుగా పెద్దల గ్లోబిన్లకు మార్పు జరిగిపోతుంది; నడిమి మజిలీ లేదు. మోరిస్ గుడ్‌మన్ వంటి పరిణామ శాస్త్రజ్ఞులు ఈ జన్యువుల చరిత్రను తవ్వినప్పుడు ఒక చక్కని క్రమం బయటపడింది. కోతులు, మనుషులు చేరే ప్రైమేట్ల వర్గంలో గలాగో వంటి ఆదిమ జంతువుల్లో గామా జన్యువు పిండం తొలిదశలో మాత్రమే పనిచేస్తుంది. కోతుల వంశంలో ఆ జన్యువు రెండు ప్రతులైంది, పనిచేసే కాలం కూడా తరువాతి గర్భదశకు జరిగింది. బబూన్, రీసస్ వంటి ఆసియా, ఆఫ్రికా కోతుల్లో ఈ ఏర్పాటు దాదాపు మనలాగే ఉంటుంది. కాబట్టి ఈ ప్రశ్నకు ఎలుక దగ్గర జవాబు లేకపోవడం ప్రయోగం చేసేవారి చేతగానితనం వల్ల కాదు, అడగవలసిన జన్యు ఏర్పాటు ఆ జంతువులో లేకపోవడం వల్ల. మనిషి జన్యువులను ఎలుకలో పెట్టే పద్ధతులు తరువాత వచ్చాయి. వాటి వల్ల ఎంతో నేర్చుకున్నాము గాని, అక్కడ కూడా మనిషి గామా జన్యువు చాలావరకు ఎలుక కాలక్రమానికే లోబడి నడుచుకుంది.

1982లో షికాగోలో జోసెఫ్ డిసిమోన్, పాల్ హెల్లర్ బృందం బబూన్లకు 5-అజాసైటిడిన్ అనే మందు ఇచ్చింది. పనిచేయని జన్యువుల మీద, డీఎన్‌ఏకు అంటుకునే మిథైల్ అనే రసాయన గుర్తులుంటాయని, ఆ గుర్తులను ఈ మందు చెరిపేస్తుందని, అప్పుడు గామా జన్యువు మేలుకుంటుందని వారి తర్కం. ముందుగా ఆ జంతువుల నుంచి పదేపదే రక్తం తీసి వాటిని రక్తహీనతకు గురిచేశారు. మూలుగ వేగంగా కణాలను తయారు చేస్తేనే మందు ప్రభావం స్పష్టంగా కనబడుతుంది. ఫీటల్ హిమోగ్లోబిన్ భారీగా పెరిగింది. అదే ఏడాది బీటా గొలుసులు సరిగా తయారుకాని తీవ్రమైన బీటా థలసీమియా ఉన్న ఒక రోగికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో ఆ మందు ఇచ్చి, గామా గొలుసుల తయారీ పెరగడం చూశారు.

ఇక్కడే తగవు మొదలైంది. సియాటిల్‌లో థాలియా పపయనోపులు, జార్జ్ స్టామటోయనోపులోస్ వేరే వివరణ చెప్పారు. ఈ మందు విభజన చెందుతున్న కణాలను చంపుతుందనీ, ఆ లోటు పూడ్చడానికి మూలుగ తొందరపడి ఇంకా లేత దశలో ఉన్న పూర్వకణాలను ముందుకు తోస్తుందనీ, వాటిలో గామా జన్యువు ఇంకా మూతపడి ఉండదనీ వారి వాదన. దాన్ని నిగ్గు తేల్చడానికి మిథైల్ గుర్తులను చెరపని, కణవిభజనను మాత్రమే అడ్డుకునే సైటోసిన్ అరబినోసైడ్‌ను బబూన్లకు ఇచ్చారు. 1984లో ఫలితం వెలువడింది: ఫీటల్ హిమోగ్లోబిన్ పెరిగింది. అదే 1984లో బోస్టన్‌లో నార్మన్ లెట్విన్, డేవిడ్ నాథన్ బృందం హైడ్రాక్సీయూరియాతో రక్తహీనత గల కోతుల్లో అదే ఫలితం సాధించింది. కొన్ని రక్తవ్యాధులకు అప్పటికే వాడుకలో ఉన్న, నోటి ద్వారా తీసుకోగల మందు అది. సంవత్సరం తిరగకముందే సికిల్ సెల్ రోగులకు ఇచ్చి చూశారు. 299 మంది పెద్దవారిపై జరిగిన పరీక్ష 1995లో ప్రచురితమై, నొప్పి దాడులు ఉత్తుత్తి గుళిక తీసుకున్నవారిలో ఏడాదికి 4.5 ఉండగా, ఈ మందు తీసుకున్నవారిలో 2.5 మాత్రమేనని చూపింది. 1998లో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు ఆ మందును ఆమోదించింది.

ఆ తగవులో ఎవరిది గెలుపు అని అడిగితే సూటిగా చెప్పడం కష్టం. హైడ్రాక్సీయూరియా విజయం రెండో పక్షానికి బలమిచ్చింది. కాని గామా జన్యువు నిశ్శబ్దంలో మిథైల్ గుర్తులకూ పాత్ర ఉందని తరువాత మళ్ళీ తేలింది. ఆ దారిలో డెసిటబీన్ అనే మందు మీద పరిశోధన సాగింది. మొదటి సిద్ధాంతాన్ని అందరూ మారుమాట లేకుండా ఒప్పుకుని ఉంటే, మిథైల్ గుర్తుల జోలికి పోని మందులను ఎవరూ ప్రయత్నించి ఉండేవారు కారేమో.

ఇక మూలకణాల సంగతి. మన శరీరంలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. వాటన్నిటికీ ఆధారమైన మూలకణాలను వేరుచేయడానికి కణం పైపొర మీద ఉండే సీడీ34 అనే ప్రోటీన్ గుర్తును వాడతారు. ఆ గుర్తు ఉన్న కణాలు, మూలుగ పూర్తిగా నశించేంత రేడియేషన్ పొందిన బబూన్లలో రక్తోత్పత్తిని తిరిగి నిలబెట్టగలవని 1988లో సియాటిల్ పరిశోధకులు నిరూపించారు. ఎదిగిన ఎలుకలో దీర్ఘకాలం పనిచేసే మూలకణాల మీద ఆ గుర్తు దాదాపు ఉండదు. ఎలుకనే నమ్ముకుని ఉంటే పొరపడేవాళ్ళం.

నన్ను బాగా ఆకట్టుకున్న లెక్క 2007 నాటిది. ఎలుకలో రక్త మూలకణం సగటున రెండున్నర వారాలకు ఒకసారి, పిల్లిలో సుమారు ఎనిమిది వారాలకు ఒకసారి విభజన చెందుతుంది. బబూన్‌లో, జన్యుగుర్తుల లెక్కన 36 వారాలకు, క్రోమోజోముల కొసలైన టెలోమియర్లు పొట్టివయ్యే లెక్కన 23 వారాలకు ఒకసారి. ఆయుర్దాయంతో కలిపి చూస్తే, ఏ జంతువుకైనా జీవితకాలంలో విభజనలు సుమారు 80 నుంచి 200 మధ్యనే తేలుతాయని ఆ పరిశోధకుల అంచనా. ఎలుకలో కొన్ని నెలలు నిలిచిన చికిత్స మనిషిలో ఏళ్ళ తరబడి నిలుస్తుందని అనుకోవడం ఎందుకు ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది.

గామా జన్యువును ఆపేది ప్రధానంగా బీసీఎల్11ఏ అనే ప్రోటీన్ అని 2008లో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ చూపారు. ఆ జాడ వచ్చింది మాత్రం మనుషుల జన్యువులను పోల్చి చూడడం వల్ల. ఈ ఘనత కోతులకు కట్టబెట్టకూడదు. ఆ ప్రోటీన్ ఎర్రకణాల్లో తయారుకావడానికి తోడ్పడే డీఎన్‌ఏ భాగాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించిన మూలకణాలు శరీరంలో నిలుస్తాయా, హాని చేస్తాయా అన్నప్పుడు మళ్ళీ రీసస్ కోతులే కావలసివచ్చాయి. 2020లో వచ్చిన అధ్యయనంలో సవరించిన కణాలు నిలిచాయి, ఫీటల్ హిమోగ్లోబిన్ పెరిగింది. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా ఈ రకం చికిత్సను ఆమోదించాయి.

ఈ కోతుల మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. మన రక్తవర్గాల్లోని ఆర్‌హెచ్ అన్న పేరు రీసస్ కోతి నుంచి వచ్చినదే. ఒకప్పుడు ఈ కోతులను పెద్దయెత్తున ఎగుమతి చేసిన దేశం మనది. 1978లో ఎగుమతిని నిషేధించాము. నేను ఆ నిషేధాన్ని సమర్థిస్తాను. జవాబు వేరే దారిలో దొరికే ప్రశ్నకు కోతిని వాడడం తప్పు. రక్తం తీసి తీసి నీరసింపజేసిన ఆ బబూన్ల బాధను తక్కువ చేసి చెప్పడమూ తప్పే. కోతికి సికిల్ సెల్ జబ్బు సహజంగా రాదన్న పరిమితి కూడా ఉంది. ఫీటల్ హిమోగ్లోబిన్ ఎంత పెరిగిందో అది చెప్పగలదు గాని, నొప్పి ఎంత తగ్గిందో రోగే చెప్పాలి.

2047 నాటికి సికిల్ సెల్ జబ్బును నిర్మూలించాలని కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. జన్యు సవరణ చికిత్స ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. పైగా సవరించిన కణాలకు చోటు చేయడానికి బుసల్ఫాన్ అనే మందుతో పాత మూలుగను నాశనం చేయాలి; దానివల్ల సంతానం కలగకుండా పోయే ప్రమాదముంది. అందువల్ల మన ఏజెన్సీ రోగికి నేడు అందేది హైడ్రాక్సీయూరియానే, దానితో పాటు క్రమం తప్పని రక్తపరీక్షలు. కణాలను బయటికి తీయకుండా, మూలుగను నాశనం చేయకుండా, సూదిమందుతో శరీరంలోనే మూలకణాలను సవరించే పద్ధతులను ప్రస్తుతం రీసస్ కోతుల్లో పరీక్షిస్తున్నారు. సవరణ చేరవలసిన కణాలకే చేరుతుందా, తగినన్ని మూలకణాలకు అందుతుందా, అన్నవి అక్కడ ముందుగా తేలవలసిన ప్రశ్నలు.