దూలం మీది రంపపు గాట్లు: ఇల్లూ, కోతమిల్లూ

అందరికీ నమస్కారం.

గోదావరి ఊళ్లలో మండువా లోగిలి (నడుమ పైకప్పు లేని వాకిలి, చుట్టూ దానివైపు వాలిన కప్పు ఉన్న ఇల్లు), దాని పక్కనే ఆ ఇంటివాళ్ల కలప కోతమిల్లు కనిపిస్తే, వాటి వయసు తెలుసుకోవడానికి దస్తావేజులు వెతికే ముందు అటక ఎక్కండి. కింద నుంచి కనబడే వైపు దూలాన్ని వడ్రంగి చిత్రిక పట్టి నున్నగా చేస్తాడు. అటక వైపు ఎవరు చూడొచ్చారని వదిలేస్తాడు. రంపపు గాట్లు మిగిలేది అక్కడే.

గాట్లు ఏటవాలుగా, ఎడం తప్పుతూ ఉంటే చేతికోత. గొయ్యి మీద దుంగను పెట్టి పైన ఒకరు, కింద ఒకరు రంపం లాగారన్నమాట. విల్లులా వంగి ఉంటే గుండ్రటి రంపం. పొడవుకు అడ్డంగా, తిన్నగా, సమాన దూరంలో ఉంటే బ్యాండ్ సా, అంటే చక్రాల మీద తిరిగే పట్టీ లాంటి రంపం. గాట్లు అలల్లా ఉన్నాయంటే బ్లేడు పళ్ల వంపు ఒక పక్క తగ్గి కోత దారి తప్పింది. అమ్ముడుపోని చెక్కను ఇంటికే వాడేసుకొని ఉంటారు!

బ్యాండ్ సాకు మారడం వెనక లెక్క ఉంది. గుండ్రటి రంపం ఒక్కో కోతకు సుమారు 5 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తే, 10 కోతలకు 2 అంగుళాలు పోయినట్టే. బ్యాండ్ సాతో అందులో సగమే పోతుంది.

మిల్లు ఖాతా పుస్తకం దొరికితే తొందరపడి దొంగలెక్క అనకండి. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగుల దుంగను 10 ఘనపుటడుగులని రాస్తారు. చుట్టుకొలతలో నాలుగో వంతు 12. 12ను 12తో, మళ్లీ 10తో హెచ్చవేసి 144తో భాగిస్తే వచ్చేది అదే. అసలు ఘనపరిమాణం 12.7. తేడా పక్కచెక్కలకూ (దుంగ గుండ్రటి అంచుల్లో తీసేసే ముక్కలకూ) పొట్టుకూ వదిలిన వాటా.

అడవుల్లో అనుమతి లేని కోతమిల్లులు ఆపాలని 1996 డిసెంబరు 12న, అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాతి కాలం మిల్లు సంగతులకు లైసెన్సు కాగితాలు చూడండి.

గాట్లను బట్టి ఇంటి వయసు కట్టేటప్పుడు రెండు చోట్ల పొరపడతాం. పాత దూలాన్ని కొత్త గదికి వాడటం మామూలే. ఇప్పుడు ఏ చెక్కా దూరని, పనిలేని బెజ్జాలు దూలానికి కనిపిస్తే అనుమానించండి. మండువా నాలుగు మూలల్లో రెండు వాలుల నీళ్లు కలుస్తాయి కాబట్టి అక్కడి కలప ముందు పుచ్చుతుంది, మార్చేస్తారు. ఆ మూలల్లో బ్యాండ్ సా గాట్లున్నా ఇల్లు అంతకంటే పాతదే కావచ్చు.

మరమ్మతుకు వచ్చిన వడ్రంగికి ముందే చెప్పండి, అటక వైపు చిత్రిక పట్టొద్దని.